జనాన్ని అడగబోయే ముందు

తల్లీ,

సంక్షోభం నుంచి దేశం ఎలా కోలుకోవాలో ప్రజలను అడిగి తెలుసుకునే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను. హాళ్లు, మైకులు, పోస్టర్ల సంగతి ఎవరైనా చూసుకుంటారు. నువ్వు మాత్రం ముందుగా ఒక పని చెయ్యి. జనం చెప్పినదానికి ఎవరు, ఎప్పటిలోగా జవాబు చెప్పాలో మొదటి సభకు ముందే కాగితం మీద పెట్టించు. ఏ సూచన తీసుకున్నారో, ఏది పక్కన పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్తామని పైవాళ్ల చేత బహిరంగంగా మాట ఇప్పించు.

ఐస్‌లాండ్ సంగతి తెలుసు కదా. 2008లో అక్కడి మూడు పెద్ద బ్యాంకులూ రోజుల తేడాతో కుప్పకూలాయి. జనం వీధుల్లోకొచ్చారు, ప్రభుత్వం దిగిపోయింది. 2010లో లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన 950 మందిదాకా ఒకచోట కూర్చుని, కొత్త రాజ్యాంగంలో ఏముండాలో రోజంతా మాట్లాడుకున్నారు. తర్వాత 25 మంది సభ్యుల మండలి తన ముసాయిదాను ఎప్పటికప్పుడు ఇంటర్నెట్లో పెట్టి, సలహాలు తీసుకుంటూ 2011లో పూర్తి చేసింది. 2012లో జరిగిన రెఫరెండంలో, అంటే ప్రజల అభిప్రాయం కోసం పెట్టిన ఓటింగులో, ఓటేసినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది దాన్నే ఆధారంగా తీసుకోమన్నారు. అయితే ఆ ఓటు సలహా మాత్రమే. పార్లమెంటు దాన్ని ఆమోదించకుండానే 2013 ఎన్నికలకు వెళ్లిపోయింది. జనాన్ని అంత బాగా అడిగినవాళ్లు మరొకరు లేరని నేను నమ్ముతాను. అందుకే అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

శ్రీలంకలో ఇంకా కష్టమైన పని జరిగింది. అంతర్యుద్ధం ముగిసిన ఏడేళ్లకు, 2016లో, ప్రభుత్వం నియమించిన 11 మంది సభ్యుల బృందం, బాధితులకు న్యాయం ఎలా జరగాలో దేశమంతా అభిప్రాయాలు సేకరించింది. 7 వేలకు పైగా వచ్చాయి. కనిపించకుండా పోయినవాళ్ల కుటుంబాలు కూడా వచ్చి తమ గోడు చెప్పుకున్నాయి. 2017 జనవరిలో నివేదిక ఇచ్చారు. యుద్ధ నేరాల విచారణలో విదేశీ న్యాయమూర్తులు కూడా ఉండాలన్న సిఫార్సును ప్రభుత్వంలోని పెద్దలు వెంటనే కాదన్నారు. అంత దుఃఖాన్ని నోరు విప్పి చెప్పించి, ఆనక జవాబు ఇవ్వకపోతే ఆ మనుషులు మళ్లీ నీ సభకు రారు, ఇంకెవరి సభకూ రారు.

దక్షిణాఫ్రికా చేసిన పద్ధతి నాకు నచ్చుతుంది. జనం చెప్పింది విన్నాక 1995లో కొత్త రాజ్యాంగం ముసాయిదా అచ్చేసి లక్షల కాపీలు పంచారు, దానిమీద మళ్లీ అభిప్రాయాలు అడిగారు. తాము చెప్పింది ఎంతవరకు చేరిందో చూసుకునే వీలు అలా దొరికింది.

ఇక సభలో నువ్వు చేయాల్సింది. ఎవరైనా మాట్లాడటం అయ్యాక, రాసుకున్నది వాళ్లకు చదివి వినిపించు. "మావాడు ఎక్కడున్నాడో చెప్పండి చాలు" అని ఒక తల్లి అంటే, రికార్డులో "పరిహారం కోరారు" అని పడే ప్రమాదం ఉంటుంది. అక్కడికక్కడే సరిచేయించు. సభకు రాలేని ముసలివాళ్లు, కూలి పోతుందని భయపడేవాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లు. ఇప్పటికే తేలిపోయిన విషయం ఉంటే తేలిపోయిందని ముందే చెప్పు, దాన్ని మళ్లీ అడగకు.

రోజంతా అలాంటి మాటలు విని రాసేవాళ్లకు కూడా టెన్షన్ పెరుగుతుంది, నిద్ర పట్టదు. వాళ్లను మార్చి మార్చి కూర్చోబెట్టు, మధ్యలో సెలవులివ్వు. నువ్వూ తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న