ఏఏసీ బ్లాకుల ఇల్లు: తాపీ పని నేర్చుకోండి, ఉద్యోగం మాత్రం మానవద్దు

ప్రశ్న: మాది మంచిర్యాల. నా వయసు 37 సంవత్సరాలు. ప్రైవేటు ఉద్యోగంలో నెలకు 38,000 రూపాయలు చేతికి వస్తాయి. మాకున్న 200 గజాల స్థలంలో 1,200 చదరపు అడుగుల ఇల్లు కట్టాలనుకుంటున్నాం. మేస్త్రీ 24 లక్షలు అవుతుందన్నారు. అందులో గోడల ఇటుకకు, మాలుకు 2 లక్షలు, గోడల కట్టుబడి కూలికి 70 వేలు చూపించారు. మా పొదుపు 11 లక్షలు ఉంది. మరో 15 లక్షలు 20 ఏళ్ల గడువుతో గృహరుణం తీసుకుంటాను. ఆరు నెలలు ఉద్యోగం మాని, తాపీ పని నేర్చుకుని, తేలికపాటి కాంక్రీటు బ్లాకులతో (ఏఏసీ) గోడలు నేనే కట్టుకుంటే ఖర్చు బాగా తగ్గుతుందా?

సమాధానం: సొంత చేతులతో ఇల్లు కట్టుకోవాలన్న మీ కోరిక ఎంతో గౌరవించదగినది. అయితే మీరు పంపిన లెక్కలోనే దీనికి జవాబు ఉంది. 24 లక్షల ఖర్చులో గోడల సామాను, కూలి కలిపి 2 లక్షల 70 వేలు, అంటే దాదాపు 11 శాతం మాత్రమే. మిగిలిన సొమ్మంతా పునాదులు, స్తంభాలు, స్లాబు, తలుపులు, కరెంటు, నల్లా పనులు, ఫ్లోరింగు, రంగుల వంటి వాటికి పోతుంది. బ్లాకుల వల్ల సామానులో ఐదో వంతు తగ్గిందనుకున్నా మిగిలేది 40 వేలు. కూలి 70 వేలూ పూర్తిగా మిగలవు, ఎందుకంటే మాలు కలపడానికి, బ్లాకులు పరంజాపైకి అందించడానికి మీకు ఎలాగూ కూలీలు కావాలి. అంతా కలిసివచ్చినా లాభం లక్షా పది వేలు దాటదు. దానికోసం మీరు వదులుకునే ఆరు నెలల జీతం 2 లక్షల 28 వేలు. సంస్థ కట్టే భవిష్యనిధి వాటా, కుటుంబానికి ఉన్న ఆరోగ్య బీమా కూడా దానితోపాటే ఆగిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, బ్యాంకు గృహరుణం ఇచ్చే ముందు జీతం చీటీలు అడుగుతుంది కాబట్టి, ఉద్యోగం మానిన మనిషికి 15 లక్షలు మంజూరు కావడమే కష్టమవుతుంది.

ఇక బ్లాకుల సంగతి. ఫ్లైయాష్, సిమెంటు, సున్నం, జిప్సం మిశ్రమంలో అల్యూమినియం పొడి కలిపి ఉబ్బించి, అధిక పీడనపు ఆవిరిలో గట్టిపరచినవే ఏఏసీ బ్లాకులు. 600 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 200 మందం ఉన్న ఒక బ్లాకు సుమారు పన్నెండు మామూలు ఇటుకల చోటు నింపుతుంది, బరువులో మాత్రం వాటిలో సగం కూడా ఉండదు. బరువు తగ్గితే స్టీలు ఖర్చు బాగా తగ్గుతుందని అమ్మకందారులు చెబుతారు. బహుళ అంతస్తుల భవనాల్లో అది నిజమే. మీరు కట్టే ఒక అంతస్తు ఇంట్లో మాత్రం స్తంభాలకు కాంక్రీటు కట్టడాలకు వర్తించే భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం 12 మిల్లీమీటర్ల కడ్డీలు నాలుగు, స్తంభం అడ్డుకోత వైశాల్యంలో కనీసం 0.8 శాతం స్టీలు ఉండితీరాలి. చిన్న ఇళ్లలో చాలా స్తంభాలు ఈ కనీస పరిమితి దగ్గరే ఉంటాయి కాబట్టి, గోడ ఎంత తేలికైనా స్టీలు అంతకన్నా తగ్గించడం కుదరదు. మున్ముందు పై అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఆ మాట స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఇప్పుడే చెప్పండి, తేలిక గోడల ప్రయోజనం అప్పుడు నిజంగా లెక్కలోకి వస్తుంది.

మీ ఊరి ఎండలకు ఈ బ్లాకులు మంచివేననడంలో సందేహం లేదు, ముఖ్యంగా పడమటి గోడకు. కాకపోతే ఒక అంతస్తు ఇంట్లో వేడి ఎక్కువగా స్లాబు నుంచే దిగుతుంది కనుక, గోడల్లో మిగిలే 40 వేలను స్లాబుపై వేడిని ఆపే పూతకో పొరకో కేటాయించమని నా సలహా. ఏఏసీకి బదులు నురుగు యంత్రం, అచ్చులు కొని నురుగు కాంక్రీటు బ్లాకులు ఇంటి దగ్గరే పోసుకోవాలన్న ఆలోచన కూడా ఉంటే దాన్ని విరమించుకోండి. ప్రతి పోతలో సాంద్రత ఒకేలా రాకపోతే బలం మారిపోతుంది, ఒక్క ఇంటికోసం యంత్రం పెట్టుబడి తిరిగి రాదు.

అయితే పని నేర్చుకోవడం వృథా అని నేను అనడం లేదు. నేర్చుకోవలసింది గోడ కట్టడానికి కాదు, కట్టించడానికి. ఎర్ర ఇటుక అలవాటున్న మేస్త్రీలు చాలామంది ఏఏసీ బ్లాకునూ నీళ్లలో నానబెడతారు. అలా నీరు పీల్చుకున్న బ్లాకు గోడలో ఆరుతూ కుంచించుకుపోయి, ప్లాస్టరింగ్ మీద సన్నని పగుళ్లు తెస్తుంది. నిజానికి బ్లాకు మీది దుమ్ము బ్రష్‌తో దులిపి, పైపైన తడిపి, బ్లాకుల కోసం తయారైన జిగురు మాలును సుమారు 3 మిల్లీమీటర్ల మందాన పరచి, రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టాలి. గోడ, స్తంభం కలిసే చోట ప్లాస్టరింగ్‌కు ముందు సన్నని వల లాంటి జాలీ బిగించాలి. కరెంటు పైపులకు సుత్తి, ఉలితో కొట్టకుండా కట్టర్‌తోనే గాడి తీయించాలి. గుండు పట్టి గోడ నిలువు చూడటం, రసమట్టంతో వరుస సరిచూడటం, నక్షా చదవడం, వచ్చిన సిమెంటు బస్తాలు లెక్కరాయడం మీకు వస్తే పగుళ్ల మరమ్మతు, సామాను వృథా, కట్టింది కూల్చి మళ్లీ కట్టడం తప్పుతాయి. మీ చేతి పనితో మిగిలే కూలికన్నా ఈ పర్యవేక్షణ విలువ చాలా ఎక్కువ. ఊళ్లో ఏఏసీ గోడలు కడుతున్న మేస్త్రీ దగ్గర కొన్ని ఆదివారాలు నిలబడి పని చూసి, తాపీ పట్టి చేసి నేర్చుకోవచ్చు. పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాదులోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ వృత్తుల్లో శిక్షణ ఇస్తుంది. మీ సెలవులకు సరిపోయే కోర్సు ఉందేమో అడిగి చూడండి. కోరిక తీరడానికి ప్రహరీ గోడ మీరే కట్టండి, అక్కడ చిన్న పొరపాటు జరిగినా ఇంటికి హాని ఉండదు.

నిజంగా డబ్బు మిగిలే చోటు రుణం. 15 లక్షలకు 8.5 శాతం వడ్డీ అనుకుందాం. 20 ఏళ్లకైతే నెల వాయిదా సుమారు 13,017 రూపాయలు, మొత్తం వడ్డీ 16 లక్షల 24 వేలు. 15 ఏళ్లకైతే వాయిదా సుమారు 14,771, వడ్డీ 11 లక్షల 59 వేలు. నెలకు 1,754 రూపాయలు ఎక్కువ కడితే 4 లక్షల 65 వేలు మిగులుతాయి. ఉద్యోగం మాని గోడలు కట్టడం వల్ల వచ్చే లాభానికి ఇది నాలుగు రెట్లకన్నా ఎక్కువ. మారే వడ్డీ గృహరుణాన్ని గడువుకు ముందే తీర్చినా వ్యక్తులపై జరిమానా ఉండదు కాబట్టి, బోనస్ వచ్చినప్పుడు అసలులో జమచేయండి. మీ జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్నే పడదు కాబట్టి, వడ్డీపై పన్ను మినహాయింపు కోసం రుణం పెంచుకోమని ఎవరైనా చెబితే వినవద్దు.

మీ 11 లక్షల్లో 9 లక్షలు ఇంటికి పెట్టి, 2 లక్షలు అత్యవసర నిధిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. బ్యాంకు ముందు మీ వాటా ఖర్చు చేయించి, ఆ తర్వాత పునాది, లింటెల్ (తలుపులు, కిటికీల మీది దూలం), స్లాబు దశలను చూసి విడతలుగా డబ్బు ఇస్తుంది. మేస్త్రీతో చేసుకునే ఒప్పందంలో చెల్లింపులను ఆ దశలకే ముడిపెట్టండి. బ్లాకులకు బేరమాడేటప్పుడు రవాణాతో కలిపి, పగలకుండా దిగిన బ్లాకులకే ధర కట్టమనండి. వీటన్నిటికన్నా ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు చేత నక్షా గీయించి, గోడలు ఏఏసీవని అందులో రాయించి, ఆ నక్షా మీద కనీసం ఇద్దరు మేస్త్రీల దగ్గర అంచనా తీసుకోండి. మేస్త్రీ చెప్పిన 24 లక్షలు సరైన మొత్తమో కాదో అప్పుడే తేలుతుంది, రుణం దరఖాస్తు ఆ తర్వాతే పెట్టండి.