కర్క్యుమిన్ మెదడు దాకా చేరుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మూడు నెలల క్రితం నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చేయి ఇంకా సరిగా లేవడం లేదు. పసుపులోని కర్క్యుమిన్ మెదడును కాపాడుతుందని చదివి క్యాప్సూల్స్ తెచ్చాను. రక్తం పలచబడే మందులతో పాటు ఇవ్వవచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ సీసా పక్కన పెట్టండమ్మా. ఎక్కువ మోతాదు కర్క్యుమిన్ ఆ మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. మీ న్యూరాలజిస్టును అడగకుండా ఒక్కటి కూడా వేయకండి.

మీ ఆశ మాత్రం వట్టిది కాదు. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. ఆ వెంట వచ్చే వాపును కర్క్యుమిన్ తగ్గించడం ఎలుకల్లో చూశారు. చిక్కంతా చేరవేయడంలోనే. అది నీటిలో సరిగా కరగదు. పేగు గోడ, కాలేయం దాన్ని వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి. మిగిలిన కాస్తకీ మెదడు రక్తనాళాల గోడలు అంత తేలిగ్గా దారి ఇవ్వవు.

1998లో వచ్చిన ఒక అధ్యయనంలో, మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే మనుషుల శరీరానికి కర్క్యుమిన్ 20 రెట్లు ఎక్కువగా అందింది. అయితే పైపెరిన్ వేరే మందుల మోతాదునూ రక్తంలో పెంచగలదు. నాకు భయం అక్కడే. మీ సీసా మీద ఆ పేరుందేమో చూడండి.

అందుకే కొవ్వు పొరల్లో చుట్టిన నానో రేణువుల మీద, ముక్కు ద్వారా ఇచ్చే పద్ధతుల మీద పరిశోధన సాగుతోంది. వాసన నాడుల వెంట మెదడుకు దగ్గరి దారి ఉంది కాబట్టి నాకు ముక్కు దారి మీదే ఎక్కువ ఆశ.

నాన్నగారి చేతికి రోజూ ఫిజియోథెరపీ ఎంతసేపు చేయిస్తున్నారో రాయండి.