గుంటూరు వదినగారింటికి గోంగూర పట్టుకెళ్ళొచ్చా?

వంటింటి ఉత్తరాలు

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. ఈసారి కనుమ భోజనం గుంటూరులో మా పెద్ద ఆడపడుచుగారింట్లో. మొత్తం పన్నెండుమందిమి. మా అత్తగారూ, మరో ఇద్దరు పెద్దవాళ్ళూ మాంసం ముట్టరు. మిగతావాళ్ళకి గారెలూ నాటుకోడీ. కనుమ నాడు ప్రయాణం కూడదని అత్తగారి మాట. అందుకని సంక్రాంతి సాయంత్రమే బయల్దేరుతున్నాం. వదినగారింటికి చేతులూపుకుంటూ వెళ్ళడం నాకిష్టం లేదు. ముందే చేసిపెట్టుకుని తీసుకెళ్ళగలిగేది ఏదైనా చెప్పండి. ఆవడలు, గుత్తివంకాయ, మజ్జిగపులుసు, గోంగూర పచ్చడి, ఈ నాలుగింటి దగ్గర ఆగిపోయాను. గోంగూర నాకు బాగా కుదురుతుంది. కానీ గుంటూరువాళ్ళకి మనం గోంగూర పట్టుకెళ్ళడమేమిటని మావారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కనుమ నాడు కాకైనా కదలదంటారు. మీ అత్తగారి మాట సబబే. ఆ మాట వల్ల మీ వంటకి ఒక లెక్క కూడా వచ్చింది, గమనించారా? కనుమ మధ్యాహ్నం విస్తట్లో పడాల్సిన వస్తువు సంక్రాంతి సాయంత్రానికే డబ్బాలో ఉండాలి. సంక్రాంతి నాడు మీ ఇంట్లో మాత్రం పని తక్కువా? పొంగలి, పెద్దలకి పెట్టుకోవడం, వచ్చేపోయేవాళ్ళు. అంచేత మీరు వండాల్సింది భోగి నాడు. అంటే రెండు రాత్రులు నిలవాలి. నిలవడం ఒక్కటే చాలదు, నిలిచినకొద్దీ రుచి పెరగాలి. మీరు చెప్పిన నాలుగింటిలో అలాంటిది గోంగూర ఒక్కటే.

మిగతా మూడూ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను.

పెళ్ళయిన కొత్తలో నేను గుంటూరు బ్రాడీపేటలోని పుట్టింటి నుంచి బెజవాడ అత్తగారింటికి బస్సులో మజ్జిగపులుసు పట్టుకెళ్ళాను. రాత్రే చేసి, చల్లార్చి, స్టీలు కేరియర్‌లో పోశాను. మర్నాడు భోజనాల వేళకి మూత తీస్తే బాగా పులిసిపోయి, నీళ్ళు పైకి తేలి పిండి అడుక్కి చేరింది. అత్తగారు ఒక్క మాట అనలేదు. రెండు గరిటెలు వేయించుకుని తిన్నారు. నాకు ఆ పూట ముద్ద దిగలేదు. అప్పటినుంచి పెరుగు కలిసిన వంట ఏదీ ముందురోజు కలిపి పట్టుకెళ్ళను.

ఆవడలకీ ఆ ఇబ్బంది ఉంది. పైగా కనుమ నాడు మినుము తినాలని వదినగారు ఎలాగూ గారెలు వేస్తారు. మూకుట్లోంచి వేడి గారెలు దిగుతుంటే చల్లటి ఆవడ వైపు ఎవరి చెయ్యీ వెళ్ళదు. ఇంకోటి, పండగ నాడు ఆవిడ ఫ్రిజ్‌లో మీ గిన్నెకి చోటుంటుందనుకోకండి. గుత్తివంకాయ మర్నాటికి మసాలా పట్టి బాగానే ఉంటుంది, కాదనను. కానీ కార్లో కుదుపులకీ, మళ్ళీ వేడిచేసేటప్పుడూ కాయ విడిపోతుంది. దాన్ని వేడిచెయ్యడానికి ఒక పొయ్యి ఖాళీ కావాలి. నాటుకోడి ఒక పొయ్యి మీద, గారెల మూకుడు ఇంకో పొయ్యి మీద ఉన్నప్పుడు ఆవిణ్ణి పొయ్యి అడగాలా?

ఇక మీవారి సందేహం. గుంటూరుకి గోంగూరా అని ఆయన అడిగింది గోంగూర కొరత గురించి. గోంగూరకి కొరత లేదు. ఉన్న కొరతల్లా చేతులకే. గోంగూర పచ్చడిలో కష్టమంతా ఆకు గిల్లడంలోనూ, కడిగి ఆరబెట్టడంలోనూ ఉంది. పన్నెండుమందికి గారెలు వేసే మనిషి అరకిలో ఆకు గిల్లుతూ ఎక్కడ కూర్చుంటుంది? మా అమ్మకి కనుమ అంటే ఇరవై విస్తళ్ళు. తెనాలి నుంచి మా పిన్ని ఏటా చిన్న జాడీలో గోంగూర పచ్చడి తెచ్చేది. మాకు గోంగూర దొరక్క కాదు. ఆ జాడీ చూడగానే అమ్మ మొహంలో కనిపించే తెరిపి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ‘ఒక పని తీరిందే’ అనేది. మీరు మీ వదినగారికి తీసుకెళ్ళేది అదే, ఆవిడకి తీరిక లేని పని.

అయితే ఈ రోజే ఫోన్ చేసి, ‘వదినగారూ, పచ్చడి నేను తెస్తాను, మీరు చెయ్యకండి’ అని చెప్పండి. చెప్పకుండా తీసుకెళ్ళి ఆవిడ పచ్చడి పక్కన మీ పచ్చడి పెట్టొద్దు. ఇద్దరికీ బాగుండదు.

ఆకు భోగి ముందురోజు కొనండి. కాళేశ్వరరావు మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే లేత కట్టలు దొరుకుతాయి. ఎర్ర కాడ గోంగూర తీసుకోండి, దానికే పులుపెక్కువ. గిల్లిన ఆకు అరకిలో ఉండాలి. చూస్తే బుట్టెడు కనిపిస్తుంది, మగ్గాక చిన్న గిన్నెడే అవుతుంది. కడిగి, పాత నూలు చీర మీద పరిచి, రాత్రంతా ఫ్యాను కింద వదిలెయ్యండి. ఎండలో వద్దు. పొద్దున చేత్తో పట్టుకుంటే ఆకు పొడిగా తగలాలి. రెండు రోజులు నిలిచే పచ్చడికి తడే శత్రువు.

భోగి మధ్యాహ్నం మందపాటి స్టీలు గిన్నెలో నువ్వులనూనె వేసి, ఆకుని రెండు విడతలుగా మగ్గబెట్టండి. నీరంతా ఇగిరి, ముద్దయి, అంచుల్లో నూనె తేలేదాకా దించొద్దు. తొందరపడితే చెడేది ఇక్కడే. వేరే మూకుట్లో చెంచాడు మెంతులు, చెంచాడు ఆవాలు, రెండు పెద్ద చెంచాల ధనియాలు, పాతిక ఎండుమిరపకాయలు నూనెలో వేయించండి. గుంటూరు సన్నాలైతే పాతిక చాలు. మెంతులు ఎర్రబడగానే తీసెయ్యాలి, మాడితే పచ్చడంతా చేదు. ఇవన్నీ ఉప్పుతో పొడి కొట్టి, చల్లారిన ఆకు వేసి కచ్చాపచ్చాగా నూరండి. రోలుంటే మరీ మంచిది. మిక్సీ అయితే రెండుసార్లు తిప్పి ఆపండి, మెత్తని ముద్ద చెయ్యొద్దు. చివర నాలుగైదు చెంచాల నూనెలో చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు. తాలింపులో శనగపప్పూ మినప్పప్పూ వెయ్యకండి, రెండు రోజుల్లో మెత్తబడి నోటికి అదోలా తగులుతాయి. పెద్దవాళ్ళు పండగపూట వెల్లుల్లి తింటారో లేదో కూడా ఆ ఫోన్‌లోనే అడగండి. తినకపోతే ఇంగువ తాలింపుతో కొంచెం వేరే డబ్బాలో తియ్యండి.

ఉల్లిపాయ ఇక్కడ కలపొద్దు. రాత్రంతా ఉంటే నీరు వదిలి పచ్చడిని పాడుచేస్తుంది. నాలుగు ఉల్లిపాయలు సంచిలో వేసుకెళ్ళి, విస్తళ్ళు వేశాక తరగండి. కావలసినవాళ్ళు కలుపుకుంటారు.

జాడీలో గానీ గాజు సీసాలో గానీ పెట్టండి. అల్యూమినియం డబ్బా వద్దు, పులుపుకి లోహం రుచి దిగుతుంది. సంక్రాంతి సాయంత్రానికి ఉప్పూ కారమూ పులుపులో ఊరి ఉంటాయి. బయల్దేరే ముందు ఒక్కసారి రుచి చూసుకోండి. ఉప్పు చాలకపోతే అప్పుడే కలపొచ్చు. వారధి దాటి మంగళగిరి మీదుగా మామూలు రోజుల్లో గంట ప్రయాణం. పండగ రద్దీలో రెండు గంటలైనా మీ పచ్చడికి ఏమీ కాదు.

విస్తట్లో దాని చోటెక్కడో కూడా ఆలోచించాను. మాంసం తినేవాళ్ళు గారెకీ నాటుకోడికీ మధ్యలో నంజుకుంటారు. మీ అత్తగారికి వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఇది ఉంటే ఇంకో కూర అడగరు. కాబట్టి ఎవరికీ వేరే వంట అక్కర్లేదు. మిగిలినదాన్ని వదినగారింట్లోనే వదిలి రండి, ముక్కనుమ పొద్దున పెరుగన్నంలోకి వస్తుంది.

ప్రశ్న: గోంగూర పచ్చడి చేసిన మర్నాటికే నల్లబడుతోంది. పాడైనట్టా?
– ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

జవాబు: కాదండీ. గోంగూరలోని పులుపుకి వేడి తోడైతే ఆకుపచ్చ రంగు నిలవదు, ముదురు రంగులోకి తిరుగుతుంది. అది సహజం. బూజు పట్టినా, బుడగలు లేచినా, వాసన మారినా మాత్రం పారెయ్యాలి. మీరు నల్లగా అంటున్నారు కాబట్టి ఒక అనుమానం: ఇనుప మూకుట్లో మగ్గబెడుతున్నారా? పులుపు ఇనుముతో కలిస్తే నిజంగానే నల్లబడుతుంది, రుచి కూడా మారుతుంది. ఈసారి స్టీలు గిన్నెలో చేసి చూడండి.