పడవ సామాను ఆన్‌లైన్‌లో అమ్మే ముందు

ప్రశ్న: మా తెరచాప పడవను ఈమధ్యే అమ్మేశాం. రెండు రేసింగ్ తెరచాపలు, తాళ్లు బిగించే వించ్‌లు, తెరమీద సముద్రపటం, దారి చూపే చార్ట్‌ప్లాటర్, ప్రమాదంలో సంకేతాలు పంపే ఈపీఐఆర్‌బీ మా దగ్గరే ఉన్నాయి. అన్నీ ఖరీదైనవి. ఆన్‌లైన్ వేలం సైటు ఈబేలో పెట్టాలా, ఉచిత ప్రకటన ఇవ్వాలా, కమీషన్ మీద అమ్మిపెట్టే షాపుకు ఇవ్వాలా? తర్వాత గొడవలు వస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా పడవ అమ్మిన ఒప్పందం తీసి చదవండి. అందులో ‘సామగ్రితో సహా’ అనో, జాబితాలో ఈ తెరచాపల పేరో ఉంటే అవి ఇప్పుడు మీవి కాకపోవచ్చు. అలాంటప్పుడు ఎక్కడ అమ్మినా చిక్కే. అనుమానం ఉంటే పడవ కొన్నవారి నుంచి ‘ఇవి మాకు చెందవు’ అని రాతపూర్వకంగా తీసుకోండి.

అది తేలాక, ఫీజు ఎక్కడ తక్కువని వెతకకండి. కొన్నవారు ‘మీరు చెప్పినట్టు లేదు’ అంటే ఎవరు తీర్పు చెబుతారన్నదే ముఖ్యం. ఈబేలో అయితే ఆ సంస్థే చెబుతుంది. సరుకు అందాక సాధారణంగా 30 రోజుల వరకు కొన్నవారు ఫిర్యాదు చేయవచ్చు. వాపసు తీసుకోనని మీరు రాసినా, వర్ణనకు తేడా ఉందని తేలితే ఆ మాట చెల్లదు. డబ్బు ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్ ద్వారా వస్తే, అక్కడ ఫిర్యాదు గడువు 180 రోజులు. అక్కడ అమ్మేవారికి ఇచ్చే రక్షణ ‘సరుకు అందలేదు’ అనే ఫిర్యాదుకు పనికొస్తుంది గానీ ‘వర్ణనలా లేదు’ అనేదానికి పనికిరాదు.

పాత తెరచాపకు వచ్చేది సరిగ్గా ఆ రెండో ఫిర్యాదే. బట్ట బాగానే కనిపిస్తుంది, ఆకారం మాత్రం సాగిపోయి ఉంటుంది. ‘మంచి స్థితి’ అంటే మీకొకటి, రేసుల్లో తిరిగేవారికి ఇంకొకటి. అందుకే తెరచాపలను పడవలవాళ్లే చూసే ప్రకటనల్లో పెట్టి, కొనేవారిని రప్పించి, విప్పి చూపించి అమ్మమంటాను. కొలతలు, తయారైన సంవత్సరం, వేసిన అతుకులు రాసి, ‘చూసుకుని ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను’ అని సంతకం చేయించుకోండి. అయితే మీకు తెలిసీ దాచిన లోపం విషయంలో ఆ సంతకం మిమ్మల్ని కాపాడదు.

వించ్‌లు, చార్ట్‌ప్లాటర్ ఈబే వేలానికి సరిపోతాయి. మోడల్, సీరియల్ నంబర్ ఉంటాయి కాబట్టి వర్ణనలో తగాదాకు చోటు తక్కువ. పడవల ఎలక్ట్రానిక్స్ దొంగతనాలు మామూలే కనుక కొన్న బిల్లు దగ్గర ఉంచుకోండి. ట్రాకింగ్, బీమా లేకుండా పార్సిల్ పంపకండి.

ఈపీఐఆర్‌బీ సంగతి వేరు. అది మీ పేరు మీద రిజిస్టరై ఉంటుంది. కొత్త యజమాని చేతిలో అది సంకేతం పంపితే రక్షణ కేంద్రం మీకే ఫోన్ చేస్తుంది, అక్కడ ఆపదలో ఉన్నవారికి విలువైన సమయం పోతుంది. అమ్మిన రోజే రిజిస్ట్రీకి తెలియజేయండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, పార్సిల్‌కు ఆంక్షలున్నాయి. చేతికే ఇవ్వడం మేలు.

షాపుకు అప్పగిస్తే అమ్ముడయ్యేదాకా యాజమాన్యం మీదేనని, కనీస ధర ఎంతో, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో, పోతే ఎవరు భరిస్తారో రాయించుకోండి. ఈ కాగితం లేకుండా షాపు దివాలా తీస్తే, మీ వించ్‌లు మీవేనని అప్పులవాళ్ల ముందు రుజువు చేసుకోవడం చాలా కష్టం.