కెర్నల్ టైమర్‌ను 250 నుంచి 1000 హెర్ట్జ్‌కి మారిస్తే సెన్సర్ రీడింగ్ ఆలస్యం తగ్గుతుందా?

మీ ప్రశ్న: ఉబుంటు 22.04లో సెన్సర్ రీడింగులు లేటుగా వస్తున్నాయి, కెర్నల్ టైమర్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం సెకనుకు ఎన్నిసార్లు టిక్కు కొడుతుందన్నది) డిఫాల్ట్ 250 ఉంది, 1000 చేస్తే సరిపోతుందా?

సరిపోవచ్చు. కాకపోతే నేను ఆ పనే చేసి ఒక మిల్లులో తూకం మొత్తం నిలిపేశాను. ముందు అది వినండి.

అనంతపురం దగ్గర శెనక్కాయల మిల్లు. గింజలు సంచిలో పడుతుంటాయి, బరువు చేరగానే గేటు మూసుకోవాలి. మూసుకునేసరికి ఆలస్యమై సంచికి రెండు మూడు వందల గ్రాములు ఎక్కువ పోయేవి. తూకం కార్డు అమ్మినవాళ్లు ఇచ్చిన డ్రైవర్ (కార్డుతో కెర్నల్‌ను మాట్లాడించే ప్రోగ్రామ్) తెరిచి చూస్తే, ఒక్కో బైటుకీ మధ్య ‘ఎంస్లీప్ 1’ అని, అంటే కాసేపు ఆగమని ఉంది. పేరుకు ఒక మిల్లీసెకను. కానీ 250 హెర్ట్జ్ అంటే టిక్కుకీ టిక్కుకీ మధ్య 4 మిల్లీసెకన్లు. ఎంస్లీప్ లెక్కంతా ఆ టిక్కుల్లోనే. అడిగినదానికన్నా ముందే లేవకూడదని ఇంకో టిక్కు కలుపుకుంటుంది. అంటే ఒకటి అడిగితే ఎనిమిది దాకా పోతుంది. పది బైట్లకు 80.

1000 చేస్తే అదే రెండుకు దిగుతుంది కదా అని కెర్నల్ బిల్డ్‌కి కూర్చున్నా. మెనూకాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో ‘ప్రాసెసర్ టైప్ అండ్ ఫీచర్స్’ కింద ‘టైమర్ ఫ్రీక్వెన్సీ’ ఉంటుంది, మార్చడం ఒక్క నిమిషం పని. మిగతా రాత్రంతా కంపైల్, మధ్యలో రెండుసార్లు కరెంటు పోవడం. ముందే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడి అక్కర్లేని మాడ్యూళ్లు తీసేసి ఉంటే చాలా టైం మిగిలేది.

పొద్దున్నే ఓనర్ ఫోన్. "ఏం నాయనా, నిన్నటిదాకా ఎక్కువన్నా పోసేది, ఈ పొద్దు అసలు పొయ్యడమే లేదే!"

సంగతేంటంటే, కార్డు జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్నది ఆ డ్రైవర్‌లో ‘25’ అని ఉత్త అంకె రాసి ఉంది. అవి మిల్లీసెకన్లు కావు, టిక్కులు. 250లో అది 100 మిల్లీసెకన్లు, 1000లో 25 మాత్రమే. కార్డుకు జవాబివ్వడానికి 40 దాకా పడుతుంది. ప్రతి రీడింగూ టైమౌటే. హమాలీలు ఖాళీ సంచులు పట్టుకుని నిలబడ్డారు, నేను బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని పని నడిపించా. పాతది తీసేయకుండా ఉంచడం ఒక్కటే ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని.

చివరికి మార్చింది డ్రైవర్‌లో రెండు చోట్లే. ఎంస్లీప్ బదులు టిక్కు కోసం ఆగని యూస్లీప్_రేంజ్, ఉత్త 25 బదులు మిల్లీసెకన్లను టిక్కులుగా మార్చే ఎంసెక్స్_టు_జిఫీస్‌తో 100. కెర్నల్ ఉబుంటు ఇచ్చిన 250దే. గేటు టైముకు మూసుకుంటోంది.

మీ విషయానికొస్తే, రీడింగ్ తీసేది మీరు రాసిన మామూలు ప్రోగ్రామ్ అయితే 1000 చేసినా పెద్దగా తేడా రాదు. యూస్లీప్, నానోస్లీప్ లాంటివి హై రిజల్యూషన్ టైమర్ల మీద నడుస్తాయి, టిక్కు కోసం ఎదురుచూడవు. ఆలస్యం వేరే చోట ఉన్నట్టు. డ్రైవర్ అయితే దాని సోర్సులో ఎంస్లీప్, జిఫీస్ (అంటే టిక్కులు) అన్న మాటలు వెతకండి. సీపీయూ మీద చాలా ప్రోగ్రాములు పోటీ పడుతుంటే మాత్రం 1000 కొంత పనికొస్తుంది. ఉబుంటు కూడా 24.10 నుంచి డిఫాల్ట్‌గా 1000 ఇస్తోంది, కాబట్టి అదేదో ప్రమాదకరమైన అంకె అనుకోనక్కర్లేదు. కెర్నల్ మొదట 2.6లో 1000 పెట్టుకుని, 2005లో 2.6.13తో 250కి దిగింది కూడా.

ఇంకొకటి. ‘గెట్‌కాన్ఫ్ సీఎల్‌కే_టీసీకే’ కొడితే వచ్చే 100 చూసి కంగారుపడకండి. అది ప్రోగ్రాములకు చూపించే అంకె, కెర్నల్ ఎంతలో ఉన్నా అదే వస్తుంది. అసలుది బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో కాన్ఫిగ్_హెచ్‌జెడ్ అన్న లైన్లో ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సొంతంగా బిల్డ్ చేసిన కెర్నల్ సంతకం లేకుండా బూట్ అవదు, అదీ చూసుకోండి.

మీది డ్రైవరా, ప్రోగ్రామా చెబితే ఇంకాస్త వివరంగా రాస్తాను.