ఒకవైపే ముక్కు మూసుకుపోయే పేషెంటు వస్తే

చిరంజీవి పాపకు మామ ఆశీర్వదించి రాయునది.

ప్రొద్దుటూరులో పళ్ల క్లినిక్ తెరిచావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పై దవడలో దాక్కుని పెరిగే గడ్డల గురించి నీకు గట్టిగా చెప్పాలి.

సైనస్ అని నెలల తరబడి మాత్రలు మింగుతున్న మనిషి నీ దగ్గరికి వస్తాడు. ముక్కు ఒకవైపే మూసుకుపోతుంది, అటువైపే చెంప కాస్త ఉబ్బి ఉంటుంది, పైపళ్లు కదులుతుంటాయి. కదిలే పన్నే కదా అని పీకేయకు. పై దవడలో సైనస్ ఖాళీ గదిలాంటిది. గడ్డ లోలోపలే పెరిగిపోతుంది, చెంప ఉబ్బేనాటికి కంటిగూటి అడుగుదాకా పోయి ఉండొచ్చు. చెంప తిమ్మిరిగా ఉందా, కన్ను కారుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని నువ్వే అడగాలమ్మా, వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పై దవడలో ఎముకల నీడలు ఒకదానిమీద ఒకటి పడి మోసం చేస్తాయి. సీటీ తీయించు.

తర్వాత, కోసేముందు, గడ్డలోకి లావు సూది గుచ్చి లాగి చూడు. ఎండుగడ్డి రంగు నీళ్లు వస్తే మామూలు సిస్టు, అంటే నీటితిత్తి, కావచ్చు. తెల్లగా, మీగడలా, సూదిలో ఇరుక్కుంటూ వస్తే కెరటోసిస్టును, అంటే తీసినా తిరగబెట్టే రకం సిస్టును, అనుమానించు. ఏమీ రాకపోతే గట్టి గడ్డ కావచ్చు. ఎర్రటి రక్తం సిరంజిలోకి తన్నుకొస్తే మాత్రం రక్తనాళాల గడ్డ కావచ్చు, కత్తి జోలికే పోవద్దు. ఏది వచ్చినా తీర్పు ముక్క తీసి పరీక్షించే బయాప్సీదే.

కెరటోసిస్టును డబ్ల్యూహెచ్‌ఓ 2005లో ట్యూమర్ అంది, 2017లో మళ్లీ సిస్టు అంది. పేరు మారింది గానీ దాని గుణం మారలేదు. పొర ఆరేడు కణాల మందమే, ముట్టుకుంటే చిరుగుతుంది, తునక మిగిలినా మళ్లీ పెరుగుతుంది. గడ్డ పెద్దదైతే ముందు గొట్టం పెట్టి కొన్ని నెలలు కుంచించుకుపోనిచ్చి, ఆ తర్వాత తీస్తారు. ఆ నెలలంతా రోజూ సెలైన్‌తో కడుక్కోవాల్సింది పేషెంటే, కాబట్టి ఇంట్లో ఒకరికి చేసి చూపించు. అమెలోబ్లాస్టోమా అనే దవడ ట్యూమర్ అని తేలితే గీకి వదిలేసే పని కాదు, చుట్టూ మంచి ఎముకతో సహా తీయాలి. కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీకో, కర్నూలు పెద్దాసుపత్రికో పంపు.

ఆపరేషనయ్యాక ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి ఐదేళ్లలోనే తిరగబెడతాయి, పదేళ్లు దాటాక వచ్చేవీ ఉన్నాయి. మనవాళ్లు పనులకు బెంగళూరు పోతారు, నంబర్లు మారుస్తారు. ఊళ్లో ఉండే పెద్దవాళ్ల ఫోన్ నంబరు కూడా రాసుకో, మొదటి సీటీ కాపీ నీ దగ్గరే ఉంచుకో.

మీ మామ
కర్నూలు