మారునాన్న లాగ్‌బుక్‌తో ఏం చేయాలి?

ప్రశ్న: మా మారునాన్న 1971 యుద్ధంలో వైమానిక దళ పైలట్. 91వ ఏట పోయారు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయాలని ఉంది. లాగ్‌బుక్, పతకాలు, పాత ఫొటోలు ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలి? – ఓ పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: లాగ్‌బుక్‌తోనే మొదలుపెట్టండమ్మా. అందులో పైలట్ చేసిన ప్రతి ప్రయాణానికీ తేదీ, విమానం రకం, దాని నంబరు, పని, పగటి గంటలు, రాత్రి గంటలు వరుసగా ఉంటాయి. యుద్ధం జరిగిన 1971 డిసెంబరు 3 నుంచి 17 దాకా ఉన్న పేజీలను వేరుగా రాసుకోండి. బంధువులు చెప్పే సాహసాలు ఈ తేదీలతో కుదిరితేనే వేయండి. పతకాల్లో పశ్చిమీ స్టార్ ఉంటే ఆయన పనిచేసింది పడమటి యుద్ధరంగంలో, పూర్వీ స్టార్ అయితే తూర్పు రంగంలో.

పతకాలను చింతపండుతో తోమకండి, పూత పోతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. లాగ్‌బుక్‌కు లామినేషన్ అసలే వద్దు. ఆ వేడికి, జిగురుకు కాగితం మళ్లీ విడిరాదు. కడప ఎండలో సిరా వెలిసిపోతుంది కాబట్టి నీడలోనే ఫొటోలు తీయండి, లేదా 300 డీపీఐలో స్కాన్ చేయించండి. ఆల్బమ్‌కు అతుక్కున్న ఫొటోలను పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయించండి.

ఇక తండ్రిగా ఆయన. ‘కన్నబిడ్డలా చూశారు’ అని అందరూ రాసేదే. తండ్రి గడిలో ఆయన సంతకమున్న ప్రోగ్రెస్ కార్డు దొరికితే పేజీ మొత్తం దానికే ఇవ్వండి. మీ కన్నతండ్రి పేరు కూడా ఒక వాక్యంలో రాయండి, రేపు మనవలు తికమకపడరు.